కంప్యూటర్ ముందు రెండో కుర్చీ



“మావాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదండీ. ఫోన్ చేతికిస్తే చాలు, వాడే యూట్యూబ్ తెరుచుకుంటాడు. నచ్చని పాట వస్తే వేలితో పక్కకి తోసేస్తాడు.” ఈ మాట మీరు వినే ఉంటారు, బహుశా అనే ఉంటారు. బిడ్డ కొత్త పని చేస్తే మురిసిపోని తల్లి ఎవరుంటారు? ఆ మురిపాన్ని తప్పుపట్టడానికి నేనీ పూట మైకు ముందుకు రాలేదు. కాకపోతే ఆ పనిలో బిడ్డ తెలివి ఎంత, ఆ ఫోన్ తయారుచేసినవాళ్ళ తెలివి ఎంత అన్నది ఒకసారి చూసుకోవాలి. అక్షరం ముక్క రాని వేలికి కూడా లొంగేటట్టు ఆ తెరను ఇంజనీర్లు ఏళ్ళ తరబడి దిద్దారు. బిడ్డ తోశాడు, బొమ్మ మారింది. అక్కడ బిడ్డ నేర్చుకున్నది చాలా తక్కువ.

తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లలకి ఏ వయసులో కంప్యూటర్ అలవాటు చెయ్యొచ్చండీ అని. డాక్టర్లు దీనికి అంకెల్లో జవాబు చెప్పారు, ఆ అంకెలు కాసేపట్లో నేనూ చెబుతాను. కానీ వయసుకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఆ తెర ముందు బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారు? చిన్నపిల్లల విషయంలో కంప్యూటర్ మంచిదా చెడ్డదా అన్న వాదన చాలావరకు ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

ఇలా నమ్మడానికి ఆధారాలున్నాయి. 2003లో అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి తొమ్మిది నెలల పిల్లల మీద ఒక పరిశోధన చేశారు. అందరూ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పుట్టినవాళ్ళే. కొంతమంది పిల్లల దగ్గరికి చైనా భాష, అంటే మాండరిన్, మాతృభాషగా ఉన్నవాళ్ళు వచ్చి, నేల మీద కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడారు. అలా సుమారు నెల రోజుల్లో పన్నెండు సార్లు, ప్రతిసారీ అరగంట లోపే. మరికొంతమంది పిల్లలకి అదే మనుషులు, అదే బొమ్మలు, అదే మాటలు. అయితే మనిషి లేడు, టీవీ తెర మీద బొమ్మ ఉంది. ఆ తర్వాత పరీక్షించి చూస్తే, మనిషితో ఆడిన పిల్లలు ఇంగ్లీషులో లేని చైనా ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు, అదీ దాదాపు తైవాన్‌లో పుట్టి పెరిగిన పిల్లలంత బాగా. తెర చూసిన పిల్లలకి మాత్రం ఏమీ రాలేదు. అసలు ఆ భాష చెవినపడని పిల్లలకీ వీళ్ళకీ తేడానే కనపడలేదు.

ఒక్కసారి ఆలోచించండి. అవే మాటలు, అదే గొంతు. అయినా తెరలోంచి వస్తే పసిబిడ్డ మెదడు వాటిని లోపలికి తీసుకోలేదు.

అయితే తప్పంతా తెరదేనా? కాదని పదకొండేళ్ళ తర్వాత, 2014లో వచ్చిన ఇంకో పరిశోధన చెబుతోంది. రెండేళ్ళ నుంచి రెండున్నరేళ్ళ లోపు పిల్లలకి కొత్త క్రియాపదాలు నేర్పి చూశారు. కొందరికి ఎదురుగా కూర్చుని, కొందరికి స్కైప్ కాల్‌లో, కొందరికి ముందే రికార్డు చేసిన వీడియోలో. ఎదురుగా ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నట్టే స్కైప్‌లోనూ పిల్లలు నేర్చుకున్నారు. రికార్డు వీడియో చూసినవాళ్ళు నేర్చుకోలేకపోయారు. రెండుచోట్లా ఉన్నది తెరే. కాల్‌లో అవతలి మనిషి బిడ్డ చూసిన వైపు చూస్తుంది, బిడ్డ నవ్వితే నవ్వుతుంది, బిడ్డ “ఊ” అన్నాకే తర్వాతి మాట అంటుంది. వీడియోలోని మనిషికి ఈ బిడ్డ ఉన్నట్టే తెలియదు. బిడ్డకి కావలసింది బదులు. తను చేసినదానికి, అన్నదానికి, ఆ క్షణంలోనే ఒక మనిషి నుంచి వచ్చే బదులు.

ఈ సంగతి మన తెలుగువాళ్ళకి తెలియాల్సినంతగా ఇంకెవరికీ తెలియక్కర్లేదేమో. ఎందుకంటే మన ఇళ్ళలో మనవలు ఒక ఖండంలో, అమ్మమ్మా తాతయ్యలు ఇంకో ఖండంలో. తెనాలిలో అమ్మమ్మ, డాలస్‌లో రెండున్నరేళ్ళ మనవరాలు అనుకుందాం. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిది, అక్కడ పొద్దుటి పూట. కాల్ కలుస్తుంది. “తిన్నావామ్మా? ఏం తిన్నావు? తాతయ్యకి హాయ్ చెప్పు. చెప్పవా?” నాలుగో ప్రశ్నకి పిల్ల తుర్రుమంటుంది. ఆ తర్వాత పావుగంట పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ కబుర్లు చెప్పుకుంటారు. “మన పిల్లకి తెలుగు రావడం లేదే” అని అమ్మమ్మ బాధపడుతుంది.

అదే కాల్‌ని ఇంకోలా చేసి చూడండి. అమ్మమ్మ వంటింట్లోంచి రెండు వంకాయలు తెచ్చుకుని కూర్చుంటుంది. ఒకటి తెర ముందు పెడుతుంది, మెల్లగా పైటచెంగు వెనక్కి దాస్తుంది. “వంకాయ ఏదీ?” అంటుంది. ఆగుతుంది. పిల్ల తెర వెనక్కి వంగి చూస్తుంది. “ఇదిగో వంకాయ!” ఆ దోబూచులాటలో వంకాయ అన్న మాట పిల్ల నోటికి దానంతటదే వస్తుంది. తర్వాత, “నీ దగ్గర చెంచా ఉందా? చెంచా తే.” డాలస్‌లో పక్కన కూర్చున్న తల్లి ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: పిల్ల చూపు వంటింటి వైపు తిప్పడం. పిల్ల పరుగెత్తి చెంచా తెచ్చి తెరకి కొడుతుంది. అమ్మమ్మ అవతల తన చెంచా తెచ్చి కొడుతుంది. పది నిమిషాలు చాలు. నెట్ నెమ్మదించి బొమ్మ ఆగిపోతే ఆట ఆపండి, మళ్ళీ కలిశాక మొదలుపెట్టండి. బదులు ఆలస్యమైతే పిల్ల మనసు అక్కడ నిలవదు. అమ్మమ్మలూ, తాతయ్యలూ, మీ చేతుల్లో ఉన్నది మామూలు ఫోన్ కాల్ కాదు. పసిపిల్లకి తెర ద్వారా తెలుగు అందించే దారి మీరే. ఏ తెలుగు పాటల వీడియో అయినా మీ తర్వాతే.

ఇక డాక్టర్ల అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది పిల్లలకి తెర వద్దు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, ఇంకా తక్కువైతే మరీ మంచిది. మన దేశంలో శిశువైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, దాదాపు ఇదే మాట చెప్పింది. రెండేళ్ళ లోపు అప్పుడప్పుడూ బంధువులతో వీడియో కాల్ తప్ప ఏదీ వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా గంట లోపు, అదీ పెద్దల కనుసన్నల్లో. ఐదు నుంచి పదేళ్ళ దాకా రెండు గంటల లోపు. వీళ్ళు వీడియో కాల్‌ని మినహాయించడం గమనించండి.

సరే, మూడు నిండాయి, నాలుగొచ్చాయి. బిడ్డ మాట్లాడుతున్నాడు, ప్రశ్నలతో ప్రాణం తీస్తున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ దగ్గర వాడు చేయగలిగిన పని ఏముంది? ఇక్కడ మీకు ఒక తాబేలు కథ చెప్పాలి.

సైమూర్ పాపర్ట్ అని ఒక గణిత శాస్త్రవేత్త. 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టారు. జెనీవాలో పిల్లల మనసును చదివిన మహాపండితుడు పియాజే దగ్గర కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత అమెరికాలో ఎంఐటీకి చేరారు. చిన్నతనంలో ఆయనకి కారులోని పళ్ళచక్రాలంటే ప్రాణం. ఒక చక్రం తిప్పితే ఇంకోటి ఎటు తిరుగుతుందో మనసులోనే తిప్పుకుంటూ ఉండేవారట. తర్వాత బళ్ళో లెక్కలు వచ్చినప్పుడు ఆ చక్రాలే ఆయనకి దారి చూపించాయని రాసుకున్నారు. పిల్లలందరికీ అలా ప్రేమించడానికి, తిప్పి చూడడానికి ఒక వస్తువు కావాలి, కంప్యూటర్ ఆ వస్తువు కాగలదు అని ఆయన ఆశ. 1967లో ఆయన, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. అప్పటికి కంప్యూటర్ అంటే గదంత యంత్రం, దాని దగ్గరికి పెద్దవాళ్ళనే రానిచ్చేవారు కాదు. అలాంటి రోజుల్లో పిల్లల గురించి ఆలోచించారు వాళ్ళు.

లోగో వచ్చిన కొన్నేళ్ళకి దానికి తోడుగా ఒక మర తాబేలు వచ్చింది. నేల మీద పాకుతుంది, కింద ఒక కలం ఉంటుంది, నడిచినంత మేరా గీత గీస్తుంది. ముందుకు యాభై అంటే యాభై అడుగులు వేస్తుంది. కుడికి తొంభై అంటే అక్కడే కుడివైపు తిరుగుతుంది. ఇదే నాలుగుసార్లు చెబితే కాగితం మీద చతురస్రం. పాపర్ట్ పుస్తకం 1980లో వచ్చింది, దాని సారమంతా ఒక ప్రశ్నలో చెప్పొచ్చు: యంత్రం బిడ్డ చేత పని చేయిస్తోందా, బిడ్డ యంత్రం చేత పని చేయిస్తోందా? మీ ఇంట్లో ఫోన్ చూసే పిల్లవాణ్ణి తలుచుకుని ఈ ప్రశ్న వేసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం తర్వాత వచ్చింది. ఎంఐటీలో అప్పుడు చదువుకుంటున్న రేడియా పెర్ల్‌మన్ అనే అమ్మాయికి ఒక సందేహం. చదవడం రాని పిల్లల సంగతేమిటి? 1974 ప్రాంతంలో ఆమె బుజ్జిపిల్లల కోసం ఒక పెట్టె తయారుచేశారు. కీబోర్డు లేదు, అక్షరాలు లేవు. పెట్టె మీద ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకి అని గుర్తులున్న మీటలు. నొక్కితే తాబేలు కదులుతుంది. తర్వాత దానికి అట్టముక్కల్లాంటి కార్డులు పెట్టే అరలు జతచేశారు. ఒక్కో కార్డు ఒక్కో ఆజ్ఞ. వరసగా పేర్చి మీట నొక్కితే తాబేలు వరసగా ఆ పనులు చేస్తుంది. ఏ కార్డు పని జరుగుతుంటే దాని పక్కన చిన్న దీపం వెలుగుతుంది. తాబేలు తప్పుదారి పడితే దీపం ఎక్కడుందో చూసి, పిల్ల ఆ కార్డు తీసి ఇంకోటి పెట్టొచ్చు. మూడున్నరేళ్ళ పిల్లలతో ఆమె దీన్ని ఆడించి చూశారు. తర్వాతి కాలంలో ఇదే పెర్ల్‌మన్ కంప్యూటర్ల నెట్‌వర్కులో సందేశాలు ఒకే వలయంలో తిరుగుతూ ఉండిపోకుండా చేసే పద్ధతి కనిపెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నారు. నా మనసులో మాత్రం ఆమె చేసిన ఆ దీపాల పెట్టెకే పెద్ద పీట. మూడున్నరేళ్ళ బిడ్డకి “తప్పు ఇక్కడ జరిగింది, నువ్వే దిద్దుకోవచ్చు” అని ఎవరూ కసరకుండా చెప్పిన యంత్రం అది.

ఆ పెట్టె ఇవాళ మనకి దొరకదు. కానీ దాని వారసులు ఉచితంగా దొరుకుతున్నాయి. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల కోసం 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్‌లో చదవడం రాకపోయినా బొమ్మల దిమ్మెలు వరసగా పేర్చి పిల్లిని నడిపించొచ్చు, గెంతించొచ్చు, మీ పిల్ల గొంతుతోనే మాట్లాడించొచ్చు. ఇంకా చిన్నవాళ్ళకి టక్స్ పెయింట్ అనే బొమ్మలేసే ప్రోగ్రాం 2002 నుంచీ ఉంది. బిడ్డ బొమ్మ దాచుకోవాలంటే దానికి పేరు పెట్టమని అడగదు, నొక్కితే దాచేస్తుంది. ఇలాంటి చిన్న విషయాల్లోనే ఎవరు పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నారో తెలుస్తుంది.

వీటి జోలికి పోకముందు తాబేలు ఆట ఇంట్లో నేల మీద ఆడండి. అమ్మ ఆజ్ఞ ఇస్తుంది, పిల్లవాడు తాబేలు. “ముందుకు మూడడుగులు. కుడికి తిరుగు. ముందుకు మూడడుగులు.” గచ్చు మీద సుద్దముక్కతో గీస్తూ పోతే నాలుగోసారికి మొదలుపెట్టిన చోటికి వస్తాడు. తర్వాత తారుమారు చెయ్యండి. ఇప్పుడు నాన్న తాబేలు, పిల్లవాడు చెప్పేవాడు. నాన్న చెప్పింది చెప్పినట్టే చెయ్యాలి. “ఆగు” అనకపోతే గోడకి తగిలేదాకా నడవాలి. పిల్లవాడు కిలకిలా నవ్వుతాడు, నవ్వి, రెండోసారి “మూడడుగులే” అని లెక్క చెబుతాడు. అలా చెప్పగలిగిన రోజున వాడికి కంప్యూటర్ గురించి అసలైన సంగతి తెలిసినట్టు. దానికి మనసులో మాట తెలియదు, చెప్పిందే చేస్తుంది.

మన భాషకి సంబంధించి ఇంకొక ఆట ఉంది, దీన్ని ఎక్కువమంది ఇళ్ళలో ఆడడం నేను చూడలేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఐదారేళ్ళు వచ్చి, బళ్ళో గుణింతాలు మొదలైన పిల్లల కోసం. మన కంప్యూటర్లలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు విడిగా కొనకుండానే ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి తెలుగు చేర్చుకుంటే చాలు. 1980ల్లో మన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ చాలా భారతీయ భాషలకి ఒకే అమరిక ఉండేటట్టు దీన్ని రూపొందించింది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడి చేతి వైపు చాలావరకు హల్లులు. మీటల మీద తెలుగు అచ్చయి ఉండదు కాబట్టి చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి అంటించండి. ఆ అంటించే పని కూడా పిల్ల చేతే చేయించండి.

ఇప్పుడు క నొక్కమనండి. తెర మీద క, పెద్ద అక్షరంలో. దీర్ఘం నొక్కితే కా. వెనక్కి చెరిపే మీట ఒక్కసారి కొడితే దీర్ఘం మాత్రం పోయి మళ్ళీ క. ఇప్పుడు గుడి పెడితే కి. తీసేసి కొమ్ము పెడితే కు. పలక మీద తలకట్టు చెరిపి గుడి పెట్టడానికి చిన్న వేళ్ళు ఎంత అవస్థపడతాయో మీకు తెలుసు. ఇక్కడ అక్షరం ఒకటి, గుర్తు ఒకటి అని విడివిడిగా కళ్ళముందు ఊడివచ్చి, మళ్ళీ అతుక్కుంటాయి. తర్వాత అమ్మ అని రాయించండి. అ, మ, పొల్లు. ఇక్కడ ఒక్క నిమిషం ఆపండి. తెర మీద అమ్ అని ఉంటుంది, పిల్ల చేత అలాగే పలికించండి. ఇప్పుడు ఇంకో మ నొక్కమనండి. ఆ రెండో మ మొదటిదాని పక్కన నిలబడకుండా కిందికి దిగి వత్తైపోతుంది. పొల్లు మాయమవుతుంది. ఈ మార్పు చూసి పిల్లలు ఇంకోసారి, ఇంకోసారి అంటారు. అమ్మ తర్వాత నాన్న, అక్క, అత్త, తాతయ్య. ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ వత్తులే కదా! వత్తు అంటే మింగేసిన అచ్చు తర్వాత వచ్చి చేరిన హల్లు అని వ్యాకరణం చెప్పక్కర్లేదు, కళ్ళారా చూశారు. చేత్తో రాయడం మానిపించమని కాదు సుమండీ. పలక, బలపం ముందు, వాటి తర్వాతే ఇది.

ఇప్పుడు తెర ముందు బిడ్డ పక్కన వేసే రెండో కుర్చీ దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ఆటల్లో ఏదీ బిడ్డ ఒంటరిగా ఆడేది కాదు. పక్కన కూర్చునేవాళ్ళకి కంప్యూటర్ రావాలా? “మాకే రాదండీ, మేం పిల్లలకేం చెబుతాం” అని నాయనమ్మలు, తాతయ్యలు వెనక్కి తగ్గుతారు. వాళ్ళ కోసం ఒక సంగతి. సుగతా మిత్రా అనే ఆచార్యుడు 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో, మురికివాడ వైపు ఉన్న గోడకి కన్నం పెట్టి ఒక కంప్యూటర్ బిగించారు. పిల్లలు గుంపుగా చేరి ఒకళ్ళకొకళ్ళు నేర్పుకున్నారు. ఆ కథ చాలామందికి తెలుసు. తర్వాత తమిళనాడులో కాళికుప్పం అనే పల్లెలో ఆయన చేసిన పని అంతగా తెలియదు. అక్కడి పిల్లలు కంప్యూటర్ ముందు తమంతట తాము ఇంగ్లీషులో ఉన్న జీవశాస్త్రం పాఠాలు చూసుకుని కొంత నేర్చుకున్నారు. తర్వాత ఆ ఊళ్ళోనే ఉండే ఒక యువతిని వాళ్ళ వెనక నిలబడమన్నారు. ఆమెకి జీవశాస్త్రం రాదు. చేయాల్సిందల్లా బామ్మలు చేసే పనే: “అబ్బో! ఇదేంటి? ఎలా చేశావు? ఇంకోసారి చూపించు.” పిల్లల మార్కులు ఇంకా పెరిగాయి. వాళ్ళు పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, మనం మాట్లాడుతున్నది ఇంకా చిన్నవాళ్ళ గురించి. అయినా వెనక నిలబడి ముచ్చటపడే మనిషి విలువ చిన్నవాళ్ళ దగ్గర ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి నాయనమ్మా, మీకు మౌస్ పట్టుకోవడం రాకపోయినా ఆ రెండో కుర్చీ మీదే.

కంప్యూటర్ బాగా వచ్చిన నాన్నలకి ఇంకో మాట చెప్పాలి. మీ చేతులు ఒళ్ళో పెట్టుకోండి. బిడ్డ మౌస్‌ని తెర మీద ఎక్కడికో తీసుకెళ్ళి తడుముకుంటుంటే మీ చెయ్యి ఆగదు, లాక్కుని ఒక్క క్షణంలో చేసేస్తారు. బిడ్డ చేతిలో ఉన్న పని మీ చేతిలోకి వచ్చేసింది. సైకిల్ నేర్పేటప్పుడు సీటు వెనక పట్టుకుంటాం, హ్యాండిల్ పట్టుకోం కదా. అంతే. అడిగితే చెప్పండి, లేకపోతే “ఇప్పుడేం చేద్దాం?” అని అడిగి, నిజంగా ఆగండి. చిన్నపిల్లల జవాబు రావడానికి మనం అనుకునేదానికన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఈ మాట రేడియోలోంచి చెబుతున్నప్పుడు రేడియో అన్నయ్య, అక్కయ్యలు గుర్తుకు రాకుండా ఉండరు. రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు వాళ్ళు. ఆ రోజుల్లో రేడియో కూడా ఇంట్లోకి వచ్చిన కొత్త యంత్రమే. వాళ్ళు పిల్లల్ని శ్రోతలుగా ఒక మూల కూర్చోబెట్టలేదు. మైకు ముందుకి తెచ్చి పాడించారు, మాట్లాడించారు, నాటకాలు ఆడించారు. ఎంతోమంది తెలుగు పిల్లలు ఆ యంత్రంలోకి తమ గొంతు పంపారు.

ఇక శరీరం సంగతి. పెద్దవాళ్ళ కుర్చీలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాడి కాళ్ళు గాల్లో వేలాడుతుంటాయి, గడ్డం బల్లకి ఆనుతుంది, మెడ పైకెత్తి తెర చూస్తాడు. కుర్చీ మీద దిండు వెయ్యండి, కాళ్ళకింద పీట పెట్టండి, కళ్ళు తెర పైఅంచుకి సమానంగా వచ్చేటట్టు చూడండి. చిన్న చేతికి చిన్న మౌస్ దొరుకుతుంది. కళ్ళ విషయంలో నన్ను బాగా ఆకట్టుకున్న పరిశోధన చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. ఒకటో తరగతి పిల్లలకి బడిలో రోజుకి అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేటట్టు ఏర్పాటు చేశారు. మూడేళ్ళయ్యాక చూస్తే, మామూలు బడుల్లో నూటికి 39 మందికి పైగా కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, బయట ఆడిన పిల్లల్లో అది సుమారు 30 మందికే వచ్చింది. కంప్యూటర్ ఎంతసేపు అన్న లెక్కతో పాటు ఎండపొడలో ఎంతసేపు అన్న లెక్క కూడా ఇంట్లో ఉండాలన్నమాట.

వీడియోలు చూసే ఇళ్ళలో ఒక పని ఈ సాయంత్రమే చెయ్యొచ్చు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్ని ఆపెయ్యండి. పిల్లలు తెర ముందు నుంచి లేవకపోవడానికి ఒక కారణం అదే. పిల్లలు ఏం చూస్తున్నారో గమనించి ప్రకటనలు వేసే వ్యాపారం ఎంత పెద్దదంటే, పిల్లల సమాచారం తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న ఆరోపణ మీద 2019లో గూగుల్, యూట్యూబ్ సంస్థలు అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కించింది. వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది, వాళ్ళను వెంటాడే ప్రకటనలు కూడదంది. చట్టం మంచిదే. కానీ “అనుమతిస్తున్నాను” అన్న మీట చదవకుండా నొక్కేది మన వేలే.

ఇదంతా వింటూ, “ఇంట్లో కంప్యూటరే లేదు, పక్కన కూర్చునే తీరిక అంతకన్నా లేదు” అనుకుంటున్న తల్లులు ఉంటారు. మీ గురించే నేను ఎక్కువ ఆలోచించాను. పల్లెటూరి పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే ప్రకారం 2018లో దేశంలోని పల్లెటూళ్ళ ఇళ్ళలో నూటికి 36 ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉంటే, 2022 నాటికి అది సుమారు 75కి చేరింది. అంటే చాలా ఇళ్ళలో బిడ్డ చూసే మొదటి కంప్యూటర్ అమ్మ ఫోనే. పొద్దున పనికెళ్ళి సాయంత్రం వచ్చి, ఒక చేత్తో అన్నం వండుతూ ఏడ్చే బిడ్డకి ఫోన్ ఇచ్చిన తల్లిని తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా అదే గదిలో కూర్చుని తన ఫోన్ తాను చూసుకునే తండ్రికి అసలు లేదు. ఆ అరగంట వంటైనా, బిడ్డైనా ఆయన తీసుకోవాలి. ముద్ద దిగడానికి ఫోన్ పెట్టే అలవాటు ఉంటే ఒక్కసారిగా మానలేరు. రోజులో ఒక్క పూట, ఏ పూట ఇంట్లో ఇద్దరుంటే ఆ పూట, ఫోన్ లేకుండా మొదలుపెట్టండి.

ఉన్న ఫోన్‌తోనే ఇంకో పనుంది. బిడ్డ చేతికి ఇవ్వకండి. చాప మీద, మీ ఇద్దరి మధ్య పడుకోబెట్టండి. స్టోరీవీవర్ అనే చోట ప్రథమ్ బుక్స్ వాళ్ళు తెలుగు బొమ్మల కథలు ఉచితంగా పెట్టారు, 2015 నుంచీ ఉన్నాయి. ఒక కథ తెరవండి. పేజీ తిప్పే పని బిడ్డది, చదివే పని మీది. చదవడం రానివాళ్ళు బొమ్మ చూసి కథ కట్టి చెప్పండి. ఇంట్లో మూడో తరగతి చదివే అక్క ఉంటే, ఆ అక్కకన్నా మంచి తోడు దొరకదు, దాని చదువూ గట్టిపడుతుంది.

ఆపాల్సిన వేళ వచ్చినప్పుడు ఏడుపు వస్తుంది, వస్తే రానివ్వండి. చేతిలోంచి లాక్కోకండి. “ఈ బొమ్మ అయ్యాక ఆపేద్దాం” అని ముందే చెప్పి, ఆ బొమ్మ అయ్యేదాకా మీరూ కూర్చోండి. కథకి చివరి పేజీ ఉంటుంది, గీసే బొమ్మకి ఎక్కడో చోట పూర్తయ్యే ఘడియ ఉంటుంది. బిడ్డకి తెర మీద ఇచ్చే పని ఏదైనా సరే, అలా ముగిసేదాన్నే ఎంచుకోండి. ముగిశాక తెర మూసే మీట బిడ్డ చేతే నొక్కించండి.